సిగ్నల్ దగ్గర నాకు గుర్తొచ్చే మనుషులు

హైదరాబాద్‌లో ట్రాఫిక్‌ని తిట్టుకోకుండా ఇల్లు చేరే మనిషి ఉండడు. నేనూ తిట్టుకుంటాను. రద్దీ సంగతి నేను పట్టించుకోను, ఇంత ఊళ్లో ఇన్ని బండ్లున్నాక అది తప్పదు. నాకు ఒళ్లు మండేది కొన్ని రూల్స్ చూస్తేనే. వాటి గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రాయడానికి కూర్చుంటే రూల్స్‌తో పాటు నేను చిన్నప్పటి నుంచి అభిమానించే ఒకరిద్దరు పెద్దవాళ్లు కూడా గుర్తొస్తున్నారు. అందుకే రెండూ కలిపే రాస్తున్నాను.

ముందే చెప్పాలి, రూల్స్ అంటే నాకు గౌరవం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. హెల్మెట్ లేకుండా స్కూటీ తియ్యను, వెనక మా అమ్మాయి కూర్చుంటే తనకూ పెట్టుకోక తప్పదు. ఆ రూల్ ఎందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు, తల ఉన్న ప్రతివాళ్లకీ తెలుస్తుంది. సీటు బెల్టూ అంతే, తాగి నడపొద్దన్నదీ అంతే.

యూటర్న్‌ల సంగతి వేరు. మా కాలనీ కమాను ఎదురుగా ఒకప్పుడు సిగ్నల్ ఉండేది. దాన్ని తీసేసి, డివైడర్ కలిపేసి, దాదాపు కిలోమీటరు అవతల యూటర్న్ పెట్టారు. ఎదురుగా కనిపించే మందుల షాపుకి వెళ్లాలంటే బండి మీద అంత దూరం పోయి, మళ్లీ అంత దూరం రావాలి. మెయిన్ రోడ్డు మీద పోయేవాళ్లకి ఒక చోట ఆగే పని తప్పింది, నిజమే. వాళ్లకి మిగిలిన ఆ నిమిషాలన్నీ మా కాలనీవాళ్ల నెత్తిన పడ్డాయి. ఇప్పుడు గ్యాస్ సిలిండర్లు తెచ్చే అబ్బాయి, వాటర్ క్యాన్‌ల ఆటో, స్కూలు పిల్లల్ని దింపే నాన్నలు, అందరూ రాంగ్ సైడ్‌లోనే వస్తారు. రాంగ్ సైడ్ తప్పే. దానివల్ల ప్రాణాలు పోతాయి. నేను దాన్ని ఎప్పుడూ సమర్థించను. కానీ రోజూ ఇంతమంది ఒకే చోట ఒకే తప్పు చేస్తున్నారంటే ఆ చోటుని కూడా ఒకసారి పరీక్షగా చూడాలి. క్లాసులో ముప్పాతిక మంది ఒకే లెక్క ఒకేలా తప్పు చేస్తే, నేను ముందు బోర్డు మీద రాసిందాన్ని సరిచూసుకుంటాను. ఇక్కడ మాత్రం బోర్డు వైపు ఎవరూ చూడరు. సందు చివర కెమెరా పట్టుకుని నిలబడి ఫోటోలు తీస్తారు.

బండి ఉన్నవాళ్లం మేము పెట్రోలు పోసుకుని ఎలాగో తిరుగుతాం. నడిచేవాళ్ల గతేమిటి?

మా కమాను దగ్గర గుడి మెట్ల పక్కన పూలమ్మే ఒక ముసలమ్మ ఉంది. ఇల్లు రోడ్డుకి అవతలి వైపు బస్తీలో. సిగ్నల్ పోయాక ఆవిడ రెండు బస్టాపులు నడిచి తర్వాతి జంక్షన్‌కి వెళ్లి, అక్కడ రోడ్డు దాటి, మళ్లీ వెనక్కి నడిచి ఇల్లు చేరుతుంది. నేను స్కూలుకి వెళ్లేటప్పుడు ఆ జంక్షన్‌లో చాలాసార్లు కనిపిస్తుంది. "టీచరమ్మా, జర చెయ్యి పట్టు బిడ్డా" అంటుంది. పక్కన బండి ఆపి చెయ్యి పట్టుకుంటాను. మేమిద్దరం డివైడర్‌కి ఇంకా చేరకముందే ఆకుపచ్చ బొమ్మ మిణుకుమిణుకుమనడం మొదలవుతుంది. డివైడర్ దగ్గరికి చేరేసరికి ఎర్రది పడుతుంది. అవతలి వైపు బండ్లన్నీ అప్పటికే ముందు చక్రం జీబ్రా గీతల మీద పెట్టి రేజ్ చేస్తుంటాయి. పూలబుట్ట చంకలో పెట్టుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఆవిడ ఆ డివైడర్ మీదే నిలబడి ఇంకో రౌండ్ సిగ్నల్ కోసం చూస్తుంది. ఇరుకు డివైడర్ అది, నిండా ఒక మనిషి నిలబడే చోటు కూడా లేదు. బస్సు పోతే గాలికి ఒళ్లు ఊగుతుంది.

ఒక ఆదివారం పొద్దున్నే, బండ్లు పలచగా ఉన్నప్పుడు, మా కాలనీ కుర్రాళ్లిద్దరితో టేపు పట్టించి ఆ రోడ్డు కొలిపించాను. అంచు నుంచి అంచుకి 24 మీటర్లు. ఆకుపచ్చ బొమ్మ ఉండేది 15 సెకన్లు. ఇంజినీర్లు మామూలుగా మనిషి నడక సెకనుకి 1.2 మీటర్లని లెక్కేస్తారు. అలా చూసినా 20 సెకన్లు కావాలి. పెద్దవాళ్లు, గర్భిణులు, కర్ర పట్టుకున్నవాళ్లు సెకనుకి 0.8 మీటర్లు నడిస్తే గొప్ప. వాళ్లకి 30 సెకన్లు కావాలి. ఇది ఆరో తరగతి భాగహారం. ఈ భాగహారం చెయ్యకుండానే ఆ 15 ఎవరు పెట్టారో నాకు అర్థం కాదు. అక్కడ డ్యూటీలో ఉండే కానిస్టేబుల్‌ని అడిగాను. పాపం మంచివాడు, ఎండలో దుమ్ములో నిలబడీ నిలబడీ మొహం నల్లబడిపోయింది. "మేడమ్, టైమర్ మా చేతుల్లో లేదు, పైనుంచి సెట్ అయి వస్తది" అన్నాడు.

ఆ పైనున్న మనిషి ఈ రోడ్డుని ఎప్పుడైనా కాలినడకన దాటాడా అన్నదే నా ప్రశ్న. అది అనుకోగానే నాకు గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గుర్తొస్తాడు.

మాది కోనసీమ. మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరు, అంటే కాలవలూ లాకులూ చూసుకునే ఉద్యోగి. కాలవ లాకుల పక్కనే క్వార్టర్లో పెరిగాను. లాకు చూడనివాళ్లకి చెప్తాను. కాలవలో ఒక చోట నీళ్లు ఎత్తులో ఉంటాయి, దాని దిగువన పల్లంలో ఉంటాయి. పడవ ఆ రెంటి మధ్యా దాటాలి. అందుకని రెండు జతల తలుపులతో మధ్యలో ఒక గది కడతారు. పడవ గదిలోకి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు, నీళ్లు నింపుతారు లేదా వదుల్తారు. రెండు వైపులా మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. అప్పటిదాకా పడవలో ధాన్యం ఉన్నా, కొబ్బరికాయలున్నా, పెళ్లివారున్నా ఆగాల్సిందే. నా చిన్నప్పటికే లారీలొచ్చి పడవలు తగ్గిపోయాయి గానీ, ఒకప్పుడు మా వైపు రహదారి పడవలే బస్సులు. నాన్న చెప్పేవారు, లాకు దగ్గర పడవవాళ్లు ఎప్పుడూ గొడవ పడేవారు కారట. ఎందుకు ఆగాలో కళ్లెదుటే కనపడుతుంది మరి. మట్టం సమానం కాకుండా తలుపు తీస్తే పడవ ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఆ కాలవలు, లాకులు ఊరికే గీతలు గీస్తే రాలేదు. 1833 కరువులో గోదావరి పక్కనే ఉండి జనం తిండి లేక చచ్చిపోయారు. 1839లో కోరంగి తుపాను వచ్చి తీరం తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత వచ్చిన ఆర్థర్ కాటన్ గోదావరి వెంట, లంకల్లో, చేల గట్ల మీద తిరిగి మట్టాలు తీయించాడు. డెల్టాలో నది ఒడ్డు ఎత్తుగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ నేల పల్లమవుతుంది. అది కొలిచి చూసినవాడికే కాలవ ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు భాగాలుగా నది అంత వెడల్పునా కట్టారు. కూలీలను కూడగట్టి ఆయన పక్కన నిలబడి పని నడిపించిన వీణెం వీరన్న గారి పేరు కూడా నాన్న కాటన్ పేరుతో కలిపే చెప్పేవారు. వీరన్న పేరు లేకుండా కాటన్ పేరు చెబితే ఊరుకునేవారు కారు.

కాటన్ ఈస్ట్ ఇండియా కంపెనీ ఉద్యోగి. శిస్తు పెరుగుతుందనే కంపెనీ డబ్బిచ్చింది. అది నాకు తెలుసు, తెలిసే అభిమానిస్తున్నాను. రైళ్ల మీద డబ్బు పోసే బదులు కాలవలు తవ్వండి, జనానికి తిండీ దొరుకుతుంది, సరుకూ చౌకగా రవాణా అవుతుంది అని తన ప్రభుత్వంతోనే ఏళ్ల తరబడి వాదించిన మనిషాయన. రేవుల్లో సంకల్పం చెప్పుకునేటప్పుడు ఆయన్ని భగీరథుడని తలుచుకునే శ్లోకం మా వైపు ఇప్పటికీ ఉంది. ఊరూరా గుర్రం మీద విగ్రహం ఉంటుంది. ఒక పరాయి దేశపు ఇంజినీరుకి అంత స్థానం ఎవరూ ఆర్డరు వేసి ఇప్పించలేరు.

ఈ హైదరాబాద్‌కి కూడా అలాంటి మనిషి ఒకాయన వచ్చారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచేశాక, నిజాం ప్రభుత్వం పిలిస్తే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చారు. ఊళ్లో గోడలు ఎత్తు చెయ్యమని చెప్పి వెళ్లిపోలేదు. ఎగువన ఎంత వాన పడింది, ఎన్ని చెరువులున్నాయి, ఎన్ని తెగాయి అని లెక్కలు తీయించి, నీటిని ఊరికి పైనే ఆపాలని తేల్చారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. సమస్య కనపడే చోటు ఒకటి, అది పుట్టే చోటు ఇంకొకటి. మా కమాను దగ్గర రాంగ్ సైడ్ కనపడుతోంది, కానీ అది పుట్టింది కిలోమీటరు అవతల యూటర్న్ దగ్గర.

ఇక చలాన్ల సంగతి. కొన్నాళ్ల కింద సిగ్నల్ దగ్గర ముందు వరసలో ఆగి ఉన్నాను. వెనక అంబులెన్స్ సైరన్. నాకు ఎడమ పక్క ఆటో, కుడి పక్క కారు. నేను ముందుకి జరిగితే తప్ప దారి రాదు. జరిగాను. నా వెనకవాళ్లూ జరిగారు, అంబులెన్స్ పోయింది. ఆ వారమే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, స్టాప్ లైన్ దాటారని. ఫోటోలో నా స్కూటీ జీబ్రా గీతల మీద స్పష్టంగా ఉంది. ఫోటోలో సైరన్ వినపడదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చూస్తే, అంబులెన్స్‌కి దారి ఇవ్వకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కదలకపోతే ఆ శిక్ష, కదిలితే ఈ జరిమానా. వివరంగా ఫిర్యాదు పెట్టాను. జవాబు లేదు. డబ్బు కట్టేశాను, చలాను పెండింగులో ఉంటే నాకు టెన్షన్.

ఆ అలవాటుకి ఇంకో బాధ ఉంది. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలాన్లకి రాయితీ ఇచ్చారు, టూవీలర్లు నాలుగో వంతు కడితే సరి. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ ఇచ్చారు, ఈసారి టూవీలర్లకి 80 శాతం మాఫీ. కట్టలేని పేదవాళ్లున్నారు, ఆటో తోలుకుని బతికేవాళ్లున్నారు, వాళ్లకి సాయం చెయ్యాల్సిందే. అలాంటివాళ్లకి మొదటే జరిమానా తగ్గించండి. అందరికీ గంపగుత్తగా మాఫీ ఇస్తే వెంటనే కట్టినవాళ్లు నిండా కట్టినట్టు, ఏళ్లు ఎగ్గొట్టినవాళ్లు పావలా కట్టినట్టు అయింది. మా స్టాఫ్ రూములో అప్పటి నుంచీ చలాను ఎవరూ వెంటనే కట్టడం లేదు. మళ్లీ ఆఫర్ వస్తుందంటారు. రూలుకి ఇంతకంటే పెద్ద నష్టం ఎవరూ చెయ్యలేరు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మాత్రం మనిషిని బట్టి రూల్ మారడం. వీఐపీల కార్ల మీద ఎర్ర బుగ్గలు 2017 మే నుంచి తీసేశారు. బుగ్గ పోయింది గానీ దర్జా పోలేదు. నంబర్ ప్లేటు మీద పదవి పేరు రాయించుకున్న కారు రెడ్ సిగ్నల్ దాటుతుంటే, మా కుర్రాళ్లని ఆపి కాగితాలడిగే చెయ్యి పైకి లేవదు. అది చూసినప్పుడల్లా నాకు దుర్గాబాయమ్మ, అదే దుర్గాబాయి దేశ్‌ముఖ్, గుర్తొస్తుంది.

1923 డిసెంబరు, కాకినాడ కాంగ్రెస్ మహాసభ. పక్కనే ఖద్దరు ప్రదర్శన. గేటు దగ్గర టికెట్లు చూసే వాలంటీరు పద్నాలుగేళ్ల పిల్ల, రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. టికెట్ లేనివాళ్లని లోపలికి పంపొద్దని ఆ పిల్లకి చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టికెట్ లేదు. ఆపేసింది. నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి కోప్పడ్డారు. మీరు చెప్పిన పనే చేశానంది. వాళ్లు టికెట్ తెచ్చిచ్చాకే లోపలికి వదిలింది. నెహ్రూ ఆ పిల్ల పట్టుదల చూసి మెచ్చుకున్నారు.

ఈ కథని మా ఎనిమిదో తరగతికి ప్రతి ఏడూ చెప్తాను. నాకు ఇందులో నెహ్రూ మెచ్చుకోవడం కంటే టికెట్ తెప్పించడం ముఖ్యం. "ఆయన్ని వదిలెయ్యి" అనగానే వదిలెయ్యకుండా, టికెట్ చేతికొచ్చేదాకా గేటు దగ్గరే నిలబడింది. ఆ పిల్లే పెద్దయ్యాక ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. దేశానికి రూల్స్ రాసిన సభలో, రూల్‌ని అందరికీ ఒకేలా నిలబెట్టిన మనిషి ఉందన్నది నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

ఆ సిగ్నల్ కానిస్టేబుల్‌కి కూడా అలాంటి ధైర్యం ఉండాలని నేను ఊరికే అనను. దుర్గాబాయిని ఆ రోజు ఎవరూ బదిలీ చెయ్యలేరు. ఇతన్ని చెయ్యగలరు. ఏ కారుని ఆపినా నీ వెనక మేమున్నామని ముందు పైవాళ్లు అతనికి చెప్పాలి.

నేను చెయ్యగలిగింది నేను చేశాను. జంక్షన్ కొలతలు, సెకన్ల లెక్క, పొద్దునా సాయంత్రం తీసిన ఫోటోలు పెట్టి మా కాలనీ తరఫున ఒక అర్జీ రాశాను. ఆకుపచ్చ బొమ్మకి 30 సెకన్లు ఇవ్వాలని, డివైడర్ మీద మనుషులు ఆగడానికి రెయిలింగ్‌తో కాస్త చోటు కట్టాలని, మా కమాను దగ్గర కనీసం నడిచేవాళ్ల కోసమైనా సిగ్నల్ మళ్లీ పెట్టాలని అడిగాను. చివర ఇంకో వాక్యం చేర్చాను. టైమర్ సెట్ చేసే అధికారి ఎవరైతే వారు ఒకసారి పొద్దున ఎనిమిదిన్నరకి అక్కడికి వచ్చి, బండి దిగి, మాతో పాటు నడిచి ఆ రోడ్డు దాటాలని.