అక్క గాజులు: ఈ శ్రమ దినాల్లో నా అనుభవం

నిన్న మట్టలాదివారం, అంటే ఈస్టర్‌కి ముందు ఆదివారం, సాయంత్రం మా చిన్నమ్మతో ఫోన్ మాట్లాడిన, గొంతు ఇంకా బొంగురు పోయే ఉంది. మర్చిపోకముందే రాస్తున్న. నాలాగ పాత లెక్క ఏదన్నా మనసుల పెట్టుకొని ఉపవాసాలుండేవాళ్ళకి పనికొస్తదని.

మాది సికింద్రాబాద్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. శ్రమ దినాలు, అంటే ఈస్టర్‌కి ముందు ఉండే నలభై రోజుల ఉపవాసాలు, మొదలయ్యే భస్మ బుధవారం ఈసారి ఫిబ్రవరి 18న వచ్చింది, మా గల్లీల రంజాన్ కూడా అప్పుడే మొదలైంది. ఉపవాసం గురించి పెద్దగ చెప్పేదేం లేదు, మొదటి వారం తలనొప్పి, తర్వాత అలవాటైతది. కింద పోర్షన్ వాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టకుండ రోజా ఉంటుంటే నేను పూటకో టీ తాగుకుంట ఉపవాసమని చెప్పుకోవడానికి మనసొప్పలేదు, టీ కూడా బంద్ చేసిన. ఒక్క మాట మాత్రం చెప్త, నలభై రోజులుంటే అప్పులు తీరుతయి, వీసా వస్తది అని చెప్పే బోధకుల మాట వినకండి. యేసు ప్రభువు అరణ్యంల నలభై రోజులు ఉపవాసముండి ఏం సంపాదించుకున్నడు? ఆకలైనప్పుడు సైతాను రాళ్ళని రొట్టెలు చేసుకోమంటే అది కూడా చేసుకోలేదు.

ఇక నా సంగతి. మూడో వారం ఇంటి ప్రార్థన కూడికల జక్కయ్య గురించి వాక్యం వచ్చింది, బైబిల్ల లూకా 19. పన్నులు వసూలు చేసి ధనవంతుడైనోడు. ఎవరి దగ్గరన్నా అన్యాయంగ తీసుకుంటే నాలుగంతలు ఇస్తనన్నడు కదా. నాకు కాళ్ళు చల్లబడ్డయి. 2012ల అమ్మ గాజులు, రెండు తులాలవి, ఆమెకి చెప్పకుండ తాకట్టు పెట్టిన, విడిపించలేదు, వేలంల పోయినయి. 2014 జనవరిల అమ్మ పోయింది. ఆ గాజులు అక్కకని అమ్మ ఎప్పుడూ అనేది. అక్క అడిగితే హాస్పిటల్ బిల్లుకి అమ్మినమని అబద్ధం చెప్పిన.

ఆ కూడికలనే లేచి, నేను కూడా ఒకరికి బాకీ ఉన్న అని పేరు చెప్పకుండ ఒప్పుకొని ఏడ్చిన. సంఘ పెద్ద ఒకాయన భుజం తట్టి, "ప్రభువు క్షమించేసిండు బ్రదర్, పాతవి తవ్వుకోవద్దు" అన్నడు, మంచి సాక్ష్యమని అందరూ మెచ్చుకున్నరు. ఆ మాటకి నాకు ఇప్పటికీ కోపం. క్షమాపణ ఉచితమే, కాదని నేననను, జక్కయ్య పైసలు తియ్యకముందే ప్రభువు అతని ఇంటికి వస్తనన్నడు. కానీ మోసపోయినోళ్ళకి చెప్పకముందు పదిమందిల చెప్పుకొని చప్పట్లు కొట్టించుకోకండి.

ఇంట్ల మా ఆవిడకి చెప్పిన. అప్పటి రేటు తులం ముప్పై వేల లోపే, ఆ లెక్కన పైసలిచ్చేస్త అన్న. ఆమె ఒకటే మాటన్నది, "గాజులు తీసుకొని నోట్లిస్తవా?" బైబిల్ల సంఖ్యాకాండము 5ల అపరాధం ఒప్పుకొని, ఐదో వంతు కలిపి తిరిగియ్యాలని ఉంటది, అది కూడా ఆమెనే తీసి చూపించింది. రెండు తులాలకి ఐదో వంతు నాలుగు గ్రాములు. చిట్టీ ఎత్తి, పాట్ మార్కెట్ల ఇరవై నాలుగు గ్రాముల గాజులు తీసుకున్న. తరుగు, మజూరీ కలిపి ఎంతైందో రాయను, ఇప్పటి రేటు మీకు తెల్సు.

మార్చి 14 శనివారం కేపీహెచ్‌బీల అక్క ఇంటికి పోయిన. బావ, కోడలు పిల్ల హాల్లనే ఉన్నరు. అక్కా నీతో ఒక్కదానితోనే మాట్లాడాలె అంటే, ఏదున్నా ఇక్కడనే చెప్పురా అన్నది. వాక్యం, ఉపవాసం అని ఏదో మొదలుపెట్టిన, నోరెండుకపోయింది, డబ్బా టీపాయి మీద పెట్టి ఉన్నదంతా చెప్పేసిన. అక్క డబ్బా ముట్టలేదు. చాలాసేపటికి అడిగింది, "అమ్మకి తెల్సారా?"

దీనికి నేను తయారై పోలేదు. తెల్వదు అంటే అయిపోయేది. కానీ చివరి క్రిస్మస్‌కి గాజులు తొడుక్కుంటనని అమ్మ నన్ను అడిగింది, లాకర్ల ఉన్నయి, తెస్త అన్న. మూడు సార్లు అడిగింది. అదే చెప్పిన అక్కకి. అక్క లేచి వంటింట్లకి పోయి నల్లా తిప్పింది. గిన్నెల చప్పుడు లేదు, ఉత్త నీళ్ళు పోతున్నయి, అంతే. బావ టీవీ బంద్ చేసి కూర్చున్నడు. కోడలు పిల్ల నా మొఖం చూస్తలేదు. నీళ్ళు ఆగినంక అక్క గడప దగ్గర నిలబడి అన్నది, "గాజులు తెచ్చినవ్. అమ్మ దినాల నాడు, అమ్మని చూడనీకె రాలేదు గాని గాజులకి వచ్చిందని పెద్దమ్మ, చిన్నమ్మ, మామల ముందు నన్నన్నవ్. పన్నెండేండ్లు ఆ మాట మోసిన. అది ఎట్ల తెస్తవ్రా?"

నిజంగనే అన్న. నేను పూర్తిగ మర్చిపోయిన, అక్క మర్చిపోలేదు. బావ డబ్బా నా చేతిల పెట్టి చెప్పుల దాకా వచ్చిండు, ఒక్క మాట కూడా అనలేదు.

మెట్రోల జేబుల డబ్బా ఒత్తుకుంటుంటే, పైసలకి ప్రభువుని పట్టించిన శిష్యుడు యూదా గుర్తొచ్చిండు. అతను కూడా ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చిండు, నిరపరాధిని అప్పగించిన అని ఒప్పుకున్నడు, యాజకులు మాకేం సంబంధం అన్నరు. ఒప్పుకునుడు, తిరిగిచ్చుడు రెండూ చేసినోడు ఉరేసుకున్నడు. నేను కూడా అంతేనా అని భయమైంది, నిజం చెప్తున్న, చాలా చెడ్డగ అనిపించింది. అమీర్‌పేట్‌ల మారాల్సింది మారలేదు, ఖైరతాబాద్ దాటినంక చూసుకున్న. లకిడీకాపూల్‌ల దిగి బెంచీ మీద కూర్చుంటే ఇంకో శిష్యుడు పేతురు గుర్తొచ్చిండు. మూడు సార్లు ప్రభువుని ఎరగనన్నడు, తిరిగియ్యడానికి చేతిల ఏమీ లేదు, కానీ ఒడ్డున ఉన్నది ప్రభువే అని తెల్వంగనే నీళ్ళల్ల దుంకి ఆయన దిక్కే పోయిండు. యూదా ఆయన దిక్కు పోలేదు. ప్రభువా, నా దగ్గర ఇంకేం లేదు, నువ్వే దిక్కు అన్న, రైళ్ళు వస్తున్నయి పోతున్నయి. అప్పుడు లేచిన.

ఇంటికొచ్చి, ఆ రోజు ఆ మాట విన్నోళ్ళ పేర్లు రాసిన, ఏడుగురు. ఇద్దరు చనిపోయిన్రు, వాళ్ళ పిల్లలకి చెప్పిన. రెండు వారాలు పట్టింది. మెసేజ్ పెట్టొద్దు, ఫోన్ చెయ్యండి. మామ ఫోన్ పెట్టేసిండు, మళ్ళ చేసిన.

చివర చిన్నమ్మ, మెదక్‌ల ఉంటది, చెవులు సరిగ వినపడవు. ఏందిరా, ఎవరు తీసిన్రు, ఎవరు అని మళ్ళమళ్ళ అడుగుతుంటే బాల్కనీల నిలబడి, "నేనే తీసిన చిన్నమ్మా, అక్క తప్పేం లేదు, నేనే అబద్ధం చెప్పిన" అని అరిచిన. ఎదురు షాపు టైలర్ మిషన్ ఆపి పైకి చూసిండు. ఇంకోసారి చెప్పమన్నది, ఇంకోసారి చెప్పిన. కొంచెంసేపు ఏం వినపడలేదు, ఏడుస్తున్నదో ఏమో. తర్వాత, "పిల్లని ఊరికెనే ఆడిపోసుకుంటిని, దాని నంబర్ చెప్పురా, రాసుకుంట" అన్నది. ఒక్కొక్క అంకె గట్టిగ అరిచి చెప్పిన, ఆమె ఒక్కొక్కటి నాకు తిరిగి చెప్పింది.