గోలీ వేసుకున్నవారెందరు?

కొత్త మందు మార్కెట్లోకి రాకముందు జరిగే పరీక్షల్లో సాధారణంగా కొన్ని వేల మందే పాల్గొంటారు. 3,000 మందిలో ఒక్కరికి కూడా ఫలానా దుష్ప్రభావం కనబడకపోయినా, వెయ్యిమందిలో ఒకరికి అది వచ్చే అవకాశాన్ని కొట్టిపారేయలేమని గణాంక శాస్త్రం చెబుతుంది. పైగా గర్భిణులను, కిడ్నీలు దెబ్బతిన్నవారిని, నాలుగైదు రకాల గోలీలు వాడే ముసలివారిని ఆ పరీక్షల్లోకి చాలావరకు తీసుకోరు. హనుమకొండ మెడికల్ షాపుల ముందు నిలబడేది ఎక్కువగా వాళ్లే.

కాబట్టి మందు అసలు స్వభావం జనం వాడకంలోకి వచ్చాకే తెలుస్తుంది, అదీ ఎవరైనా లెక్క రాస్తేనే. రోఫెకాక్సిబ్ అనే కీళ్లనొప్పుల మందుకు అమెరికాలో 1999లో అనుమతి వచ్చింది. గుండెపోటు ముప్పు బయటపడటంతో 2004 సెప్టెంబరులో తయారీదారే దానిని వెనక్కి తీసుకున్నాడు. కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య బీమా, ఆసుపత్రుల సంస్థలో సభ్యులైన దాదాపు 14 లక్షల మంది రికార్డులను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనం కూడా, ముఖ్యంగా ఎక్కువ మోతాదు వాడినవారిలో, అదే ముప్పును చూపింది. ఎవరికి ఏ రోజు ఏ మందు ఇచ్చారో, ఆ మనిషే తర్వాత ఏ జబ్బుతో ఆసుపత్రిలో చేరాడో ఒకే చోట నమోదై ఉన్నందువల్లే అది సాధ్యమైంది.

మన దగ్గర ఆ రికార్డు రోగి చేతిసంచిలోని ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. మడతలు పడిన ఓపీ చిట్టీలు, వాటి మీద సగం మాత్రమే చదవగలిగే బ్రాండు పేర్లు, నాలుగు గోలీలే చాలన్నందుకు షాపతను కత్తెరతో కోసి ఇచ్చిన పట్టీ ముక్క ఉంటాయి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ షాపులో మిగిలిపోయిన ముక్క మీదే ఉండిపోతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన సూదికి చిట్టీ కూడా ఉండదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో లెక్కలు ఉన్నాయి కానీ, అవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలవి.

2010లో ప్రారంభమై ఇప్పుడు ఘజియాబాద్ కేంద్రంగా నడుస్తున్న జాతీయ ఫార్మకోవిజిలెన్స్ (మందుల భద్రతపై నిఘా) కార్యక్రమానికి దుష్ప్రభావాల గురించి డాక్టర్లు, ఫార్మసిస్టులే కాక రోగులు కూడా 1800-180-3024 నంబరుకు చెప్పవచ్చు. అయితే పదిమందికి దద్దుర్లు వచ్చాయని తెలిసినా, ఆ మందును వందమంది వాడారో లక్షమంది వాడారో తెలియనిదే ముప్పు ఎంతో లెక్కగట్టలేము. నా దృష్టిలో మన అసలు లోటు ఇదే.

లెక్కలు దొరికినా తొందరపడకూడదు. పాంటాప్రజోల్ అనే ఎసిడిటీ గోలీ వాడేవారిలో కడుపులో రక్తస్రావం ఎక్కువగా కనిపించవచ్చు. అంతమాత్రాన నేరం దానిది కాదు, అప్పటికే పుండు ఉన్నవారికో, నొప్పి గోలీలు వాడేవారికో దానిని రాస్తారు కదా. ఏది ముందు, ఏది వెనక అన్నది తేలకుండా ఎంత పెద్ద డేటా అయినా దారి తప్పిస్తుంది.

అందుకే వార్డులకు వెళ్లే మా ఫార్మసీ విద్యార్థులతో నేను మొదట అడిగించేది మందు మొదలుపెట్టిన తేదీ. “పెద్దమ్మా, ఈ గోలీ ఎప్పటిసంది ఏసుకుంటున్నవ్?” అంటే “సమ్మక్క జాతర అయినంక” అనే జవాబు వస్తుంది. అది 2024 జాతర అయితే ఫిబ్రవరి 24తో ముగిసింది కాబట్టి, ఫారంలో ఫిబ్రవరి చివరి వారం అని రాయవచ్చు. దద్దుర్లు ఎప్పుడు వచ్చాయన్నది దాని తర్వాతి ప్రశ్న.