పాంథియాన్ నుదుటి మీద ఒక్క లైను

లాటిన్ శాసనం చదవడమంటే సగం పొట్టి అక్షరాలు విప్పడమే. రోములో పాంథియాన్ అనే పురాతన గుడి మీదున్న పెద్ద లైను చూడండి, ఎన్నిసార్లు చదివినా ముచ్చటే: ‘ఎం. అగ్రిప్పా ఎల్. ఎఫ్. కోస్ టెర్టియుమ్ ఫెకిట్’. కొత్తవాళ్లు తడబడేది ‘ఎల్. ఎఫ్.’ దగ్గర. ఇంటిపేరనుకుంటారు, అది ‘లూకియుస్ కొడుకు’. ‘కోస్’ అంటే కాన్సుల్, రోములో ఏటా మారే అత్యున్నత అధికారి. క్రియ చివర్న, మన తెలుగులోలాగే: లూకియుస్ కొడుకు మార్కుస్ అగ్రిప్పా, మూడోసారి కాన్సుల్‌గా ఉండి, కట్టించాడు.

మూడోసారి అంటే క్రీ.పూ. 27. అదే కట్టడం తేదీ అని పరీక్షలో రాశారో, మార్కులు గోవిందా! ఆ గుడి కాలిపోయింది. ఇప్పుడున్నది హేడ్రియన్ చక్రవర్తి హయాంలో, క్రీ.శ. 126 ప్రాంతంలో పూర్తయింది. పాత పేరే మళ్లీ చెక్కించారు. 1892లో షెడాన్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు ఇటుకల మీది ముద్రలు చూశాకే గుట్టు తెలిసింది. రోమన్ ఇటుకల ముద్రల్లో కొన్నిటి మీద ఆ ఏటి కాన్సుళ్ల పేర్లు ఉంటాయి మరి. అయితే ముద్ర చెప్పేది ఇటుక చేసిన ఏడాదే. ఇటుకలు నిల్వ ఉంటాయి, పాత గోడ కూల్చి మళ్లీ వాడతారు కూడా.

పెద్ద అక్షరాల కింద సన్నగా ఇంకో రెండు లైన్లున్నాయి: క్రీ.శ. 202లో చక్రవర్తులు సెప్టిమియుస్ సెవెరుస్, కరకల్లా చేయించిన మరమ్మతు. ఫోటోల్లో సరిగా ఆనవు.