వీడియో ఆగి అడిగిన ప్రశ్న

నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి అన్నిటికంటే పై బిందువు దగ్గర ఒక్క క్షణం ఆగినప్పుడు దాని త్వరణం ఎంత? డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలను ఇరవై రెండేళ్లుగా ఈ ప్రశ్న అడుగుతున్నాను. సగానికి పైగా "సున్నా మేడమ్" అంటారు. వెంటనే చేతిలోని సుద్దముక్కను పైకి ఎగరేసి, "అక్కడ త్వరణం కూడా సున్నా అయితే ఇది అలాగే గాలిలో వేలాడాలి కదమ్మా" అంటాను. నవ్వుతారు. ఆ నవ్వు చూసి ముందుకు వెళ్తాను.

2020లో తరగతులు ఫోనులోకి మారాక ఆ "సున్నా మేడమ్" వినబడడం మానేసింది. నలభై నిమిషాల పాఠం రికార్డు చేసి యూట్యూబులో పెట్టేదాన్ని. ఏడో నిమిషం వచ్చేసరికి చూసేవాళ్ల గీత గ్రాఫులో జారుడుబల్లలా కిందికి దిగేది. మొదట పిల్లల మీద కోపం వచ్చింది. ఒక ఆదివారం నా పాఠాన్ని నేనే కూర్చుని చూశాను. పన్నెండో నిమిషంలో నాకే కునుకు పట్టింది. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక కోర్సులలో సుమారు 69 లక్షల వీక్షణలను పరిశీలించిన 2014 నాటి అధ్యయనం ఒకటి తర్వాత చదివాను. వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు సాధారణంగా ఆరు నిమిషాలకు మించి చూడరని అందులో తేల్చారు. నా పిల్లలు లోకానికి భిన్నమైనవాళ్లేమీ కాదన్నమాట.

వీడియో మధ్యలో ఆపి ప్రశ్న అడిగే మార్గం కోసం వెతికాను. వీడియో మీద నొక్కడానికి వీలుండే గడులు యూట్యూబులో ఒకప్పుడు ఉండేవి కానీ 2019 జనవరిలో వాటిని పూర్తిగా తీసేశారు. మా కంప్యూటర్ విభాగంలోని కుర్ర అధ్యాపకుడు, "మన మూడుల్‌లోనే హెచ్5పి ఉంది కదా మేడమ్" అన్నాడు. మూడుల్ అంటే మా కాలేజీ ఆన్‌లైన్ పాఠాలు పెట్టుకునే వేదిక. ఇక హెచ్5పి అంటారా, నార్వేలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. 2020 జూన్‌లో వచ్చిన మూడుల్ 3.9తో పాటే లోపల అమర్చి ఇచ్చారు. దానితో వీడియోలో కావలసిన క్షణం దగ్గర ప్రశ్న పెట్టవచ్చు, ఖాళీలు పూరించమనవచ్చు, జవాబును బట్టి వీడియోను వేరే చోటికి పంపవచ్చు. ముందుకు జరపకుండా తాళం వేసే వీలు కూడా ఉంది.

నాకు మొదట నచ్చింది ఆ తాళమే. నలభై నిమిషాల వీడియోకు రెండు నిమిషాలకొక ప్రశ్న తగిలించి, మార్కులు పెట్టి, ముందుకు జరపడం నిషేధించాను. ప్రశ్నలేమో "ఇప్పుడే చెప్పిన ప్రమాణం ఏది?" లాంటివి. పరీక్ష హాలులో కాపలా తిరిగే బుద్ధి ఎక్కడికి పోతుంది? వారంలో అందరికీ నూటికి నూరు వచ్చాయి. మురిసిపోయేలోపే ఒక అబ్బాయి, స్నేహితుడికి పంపబోయి కాబోలు, నాకే వాట్సాప్ చేశాడు: "1-బి, 2-ఎ, 3-డి…"

అతన్ని తిట్టాలనిపించలేదు. మర్నాడు ఒకమ్మాయి రాసిన సందేశం మాత్రం మనసును పట్టుకుంది. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. నాన్న పని నుంచి వచ్చాక రాత్రి ఎనిమిదికి చేతికొస్తుంది. మధ్యలో నెట్ పోతే వీడియో మళ్లీ మొదటికి వెళ్తోంది, ముందుకు జరగనివ్వడం లేదు, ఆ రోజు డేటా అక్కడికే అయిపోతోంది. తాళం వేసింది నేను. ఆ రాత్రే తీసేశాను.

తర్వాత పాఠాన్ని ఆరేసి నిమిషాల ముక్కలుగా కోశాను. ఒక్కో ముక్కకు ఒకటో రెండో ప్రశ్నలు, అవీ నేను వివరించిన తర్వాత కాకుండా వివరించబోయే ముందు. బంతి పైకి వెళ్లి, పై బిందువు దగ్గర వీడియో నిలిచిపోతుంది: త్వరణం ఎంత? తప్పు జవాబులు నేను కల్పించలేదు, పాత జవాబు పత్రాల కట్ట విప్పి ఏరుకున్నాను. ఫోను తెరలో పట్టాలి కాబట్టి ఒక్కో జవాబు నాలుగు మాటల్లోపే: సున్నా; 9.8, పైకి; 9.8, కిందికి; చెప్పలేం.

ఇక్కడ వాడిన అమరిక పేరు కూడలి. దానికి మార్కులుండవు, ఎంచుకున్న జవాబును బట్టి దారి మారుతుంది, అంతే. మార్కులు లేని జవాబును వాట్సాప్‌లో పంచుకోవలసిన పని ఎవరికుంటుంది? "సున్నా" నొక్కినవాళ్లకు మా అబ్బాయి డాబా మీద తీసిన సుద్దముక్క వీడియో వస్తుంది, నలభై సెకన్లు. "పైకి" అన్నవాళ్లకు, చేయి వదిలాక బంతిని పైకి తోసేది ఏదీ లేదని చూపే మరో ముక్క. ఈ ఆరు నిమిషాల సరంజామాకు నాలుగు గంటలు పట్టింది.

అయినా పప్పులో కాలేశాను. పక్కదారి చివర అసలు పాఠానికి తిరిగి వచ్చే మరో కూడలి పెట్టడం మరిచాను. "సున్నా" అన్న పిల్లలు సుద్దముక్క చూశాక నేరుగా "పైకి" అన్నవాళ్ల వివరణలోకి, అక్కడి నుంచి "చెప్పలేం" వాళ్ల వివరణలోకి జారిపోయారు. దిగవలసిన స్టాపు దాటిపోయిన ప్రయాణికుల్లా ముగ్గురు ఫోన్ చేశారు. నిజానికి సంతోషించాను. అంతకుముందు పాఠం గురించి ఫోన్ చేసినవాళ్లే లేరు.

దారులు సరిచేసిన రెండు రోజులకు, రాత్రి ఎనిమిదికి ఫోను అందే ఆ అమ్మాయి గొంతు రికార్డు చేసి పంపింది. "మేడమ్, సున్నా అనే నొక్కాను. సుద్దముక్క రెండుసార్లు చూశాను, తెలిసింది. కానీ మీరు బంతి ఒక్క క్షణం ఆగుతుంది అన్నారు కదా, ఎంతసేపు ఆగుతుంది?"

ఆగదు. ఆ బిందువు దగ్గర వేగం సున్నా, కానీ బంతి అక్కడ కాసేపైనా ఉండదు. "ఆగుతుంది" అని ఇరవై రెండేళ్లుగా నేనే చెబుతూ, ఆగినదానికి త్వరణం లేదనుకున్న పిల్లలను చూసి నేనే సుద్దముక్క ఎగరేస్తున్నాను. ఆమెకు జవాబు పంపి, వీడియో తెరిచి, ఆ ఒక్క వాక్యం మార్చి మళ్లీ రికార్డు చేసేసరికి రాత్రి పదకొండు దాటింది.