యాదృచ్ఛిక చుక్కలు గీసే చిత్రం
తెర మీద ఒక త్రిభుజపు మూడు శీర్షాలను గుర్తించి, ఎక్కడో ఒకచోట ఒక చుక్క పెట్టి, ప్రతిసారీ ఒక శీర్షాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఉన్న చోటికీ ఆ శీర్షానికీ సరిగ్గా నడుమ కొత్త చుక్క పెడుతూ పోతే, కొన్ని వేల చుక్కల తరువాత 1915లో పోలండ్ గణితవేత్త సియర్పిన్‌స్కీ వర్ణించిన త్రిభుజం, అంటే లోపల చిన్నా పెద్దా త్రిభుజాకారపు ఖాళీలున్న త్రిభుజం, తేటగా కనిపిస్తుంది. గణితవేత్త మైకేల్ బార్న్‌స్లీ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిని ‘కేయాస్ గేమ్’ అంటారు. మొదటి కొన్ని చుక్కలు ఆకృతికి బయట పడవచ్చు కనుక వాటిని గీయకుండా వదిలేయడం మేలు.

చతురస్రంతో ఇదే చేస్తే చుక్కలు లోపలంతా సమంగా పరుచుకుంటాయి. చూడటానికి ఏమీ ఉండదు. అయితే ఒకసారి ఎంచుకున్న శీర్షాన్ని వెంటనే మళ్ళీ ఎంచుకోరాదన్న ఒక్క నిషేధాన్ని చేర్చగానే, అన్ని పరిమాణాలలోనూ ఖాళీలు విచ్చుకుని చక్కని అల్లిక ఏర్పడుతుంది. త్రిభుజం కంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఎంచుకున్న శీర్షాన్ని బట్టి చుక్కకు రంగు వేస్తే ఆ అల్లిక మరింత స్పష్టమవుతుంది.