సద్దుల బతుకమ్మకు అమ్మ కూడా వచ్చింది

మూలా నక్షత్రం రోజు తెల్లవారుజామున విజయవాడ స్టేషన్‌లో దిగేవాళ్ళే తప్ప ఎక్కేవాళ్ళు పెద్దగా కనిపించలేదు. ఆ రోజు కనకదుర్గమ్మకు సరస్వతీదేవి అలంకారం. పిల్లల చేయి పట్టుకుని, పెన్నులూ పుస్తకాలూ సంచుల్లో పెట్టుకుని జనం ఇంద్రకీలాద్రి వైపు ఏరులా పోతున్నారు. వాళ్ళకు ఎదురు నడుస్తూ అమ్మ, నాన్న, మా ఆవిడ, నేను సాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మూలా నక్షత్రం నాడు అమ్మ ఊళ్ళో లేకపోవడం నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. రైలు కదిలేటప్పుడు కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంది.

మా పెళ్ళి 2024 శ్రావణంలో అయింది. రెండు వారాలు తిరక్కుండానే విజయవాడలో బుడమేరు వాగు పొంగింది. అమ్మావాళ్ళ ఇల్లు అక్కడి సింగ్‌నగర్‌లో, కింది వాటా. సెప్టెంబరు 1 పొద్దున లేచేసరికి గడప దాటి నీళ్ళు లోపలికి వచ్చేశాయట. మధ్యాహ్నానికి ఛాతీ లోతు. పై వాటా వాళ్ళు చెయ్యిచ్చి ఇద్దరినీ పైకి లాక్కున్నారు. నాలుగు రోజులు అక్కడే, కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. మేం హైదరాబాద్‌లో ఉన్నాం, వెళ్దామంటే రైళ్ళు లేవు. ఆ నాలుగు రోజుల టెన్షన్ ఇప్పటికీ ఒక్కోసారి రాత్రిళ్ళు గుర్తొస్తుంది.

ఫ్రిజ్, బీరువా, పరుపులు పోయాయి. అమ్మ వాటి గురించి ఎక్కువ మాట్లాడలేదు. మంచం కింద రెండు ట్రంకు పెట్టెల్లో ఉన్న కొలువు బొమ్మల గురించే మాట్లాడింది. మట్టి బొమ్మలు కరిగి ముద్దయిపోయాయి. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు కదా, చెక్క మిగిలింది. కానీ చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే మక్కుతో వాటిని అతుకుతారు. ఆ అతుకులు నానిపోయి ఏనుగు ఒకచోట, అంబారీ ఒకచోట, చేతులు మరోచోట తేలాయి. కొన్ని బొమ్మలు అమ్మమ్మ పెళ్ళినాటివి. మొదటి దసరాకి కొత్తకోడలు చేత కొలువు పెట్టించాలని అమ్మ పెళ్ళికి ముందే అనుకుంది. దసరా దగ్గర పడుతున్నా కొలువు మెట్ల ఊసే ఎత్తలేదు.

సంగతి మా ఆవిడ వాళ్ళమ్మకు చెప్పినట్టుంది. అత్తమ్మ నేరుగా అమ్మకే ఫోన్ చేసింది. "వదినె, ఈసారి పండుగ మా ఇంట్ల చేసుకుందాం, అన్నయ్యను తీస్కొని నువ్వు సుత రా" అంది. మా వైపు పిల్లాడి తల్లిదండ్రులు కోడలి పుట్టింటికి వెళ్ళి పండగ చేసుకోవడమనేది లేదు. అమ్మ రెండు రోజులు ఎటూ తేల్చలేదు. మూడోరోజు "వాళ్ళకి ఏం చీర తీసుకెళ్ళాలి?" అని నన్నడిగింది.

ఖమ్మం దాకా మామూలు కబుర్లే. మహబూబాబాద్ దాటాక బోగీలో అందరూ కిటికీల వైపు జరిగారు. కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడిన ఫొటోలు అందరం చూశాం. అది కూడా సెప్టెంబరు 1నే. మూడు నాలుగు రోజుల్లో మళ్ళీ వేసి రైళ్ళు నడిపారు. ఆ చోటు రాగానే బండి బాగా నెమ్మదించింది. కొత్త కంకర తెల్లగా మెరుస్తోంది. పక్క పొలాల్లో ఇసుక మేట ఇంకా అలాగే ఉంది. వర్షంలో ఆ కట్ట మీద పగలూ రాత్రీ నిలబడి పనిచేసిన కూలీలు ఎంతమందో, ఎవరో, మేం కూర్చున్న సీటుకు వాళ్ళ కష్టమే ఆధారం. నాన్న కిటికీలోంచి దండం పెట్టారు. అమ్మ మాత్రం అటు చూడలేదు, కళ్ళు మూసుకుంది.

వరంగల్‌లో బావమరిది ఆటో మాట్లాడి ఉంచాడు. నర్సంపేట రోడ్డులో గంట ప్రయాణం. పత్తి కాయలు పగులుతున్నాయి, వరి పొట్ట దశలో ఉంది. ఊరి మొదట్లో చెరువు. అలుగు పోస్తోంది. "చాలా నిండుగా ఉందే" అంది అమ్మ, గొంతు కాస్త మారింది.

ఇంటి ముందు మా ఆవిడ వాళ్ళ నాయనమ్మ కూర్చుని ఉంది. అందరూ అవ్వ అంటారు, నేనూ అవ్వ అనే అంటాను. ఎనభై దాటాయి. మనవరాలిని దగ్గరికి తీసుకుని తల నిమిరి, "నిన్ననే ఇద్దరు బిడ్డలు వచ్చిర్రు. నువ్వొచ్చినవు, ఇప్పుడు ఇల్లు నిండింది" అంది. బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టింటికి రావడం ఇక్కడ ఎంత పెద్ద సంగతో నాకు ఆ మాటతో తెలిసింది. మా ఆవిడ మేనత్తలు ఒకరు మహారాష్ట్రలోని భీవండి నుంచి, ఒకరు కరీంనగర్ నుంచి వచ్చారు. భీవండి అత్త నాలుగేళ్ళ తర్వాత వచ్చిందట. అక్కాచెల్లెళ్ళు కూర్చుని తమ పెళ్ళికి ముందు ఈ వాకిట్లో బతుకమ్మ ఎంత ఎత్తు పేర్చేవాళ్ళో చెప్పుకుంటుంటే మామయ్య పక్కనే నిలబడి వింటూ మాటిమాటికీ కళ్ళు తుడుచుకున్నాడు.

బతుకమ్మ పండగ పెత్రమాస నాడు, అంటే మహాలయ అమావాస్య రోజు, ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో పూర్తవుతుంది. మేం వెళ్ళిన రోజు ఎనిమిదోది, వెన్నముద్దల బతుకమ్మ. మర్నాడు అక్టోబరు 10, దుర్గాష్టమి, సద్దుల బతుకమ్మ.

పూలు తేవడం మగవాళ్ళ పని. మర్నాడు చీకటి ఉండగానే బావమరిది నన్ను లేపాడు. తంగేడు కోసం ఊరి చుట్టూ తిరిగాం. ఒకప్పుడు ఊరి వెనక గుట్ట మీద కావలసినంత ఉండేదట, ఇప్పుడు అక్కడ ప్లాట్ల రాళ్ళు పాతారు. రెండు కిలోమీటర్లు నడిస్తే ఒక బీడులో దొరికింది. ఆ చిక్కటి పసుపును మంచులో తడిసి ఉండగా చూశాక, రాష్ట్ర పుష్పంగా దీన్నే ఎందుకు ఎంచుకున్నారో నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. గునుగు మాత్రం పత్తి చేల గట్ల మీద విరివిగా ఉంది, వెండి కొసలకు గులాబీ రంగు అద్దినట్టు. నేను హుషారుగా తల దగ్గర తెంపుతూ పోయాను. రెండు సంచులు నిండాక చూసి బావమరిది తల పట్టుకున్నాడు. "బావా, కాడ పొడుగుండాలె. ఇట్ల తెంపితే పేర్చుడెట్ల?" మళ్ళీ మొదటినుంచి కోశాం. ఇంటికి వచ్చేసరికి తొమ్మిదయింది, ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

పేర్చడం నేను దగ్గర కూర్చుని చూశాను. పెద్ద తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, ముందు చుట్టూ తంగేడు. తర్వాత గునుగు కట్టలు, కొసలు సమంగా కోసి, కొన్ని ఎరుపులో, కొన్ని నీలంలో, కొన్ని ఆకుపచ్చలో ముంచినవి. మధ్యలో బంతి, చామంతి, సీతజడ పూలు. లోపలి ఖాళీని తెంపిన ఆకులతో, కాడలతో గట్టిగా కూరుతూ పోతారు, లేకపోతే ఎత్తు నిలవదు. నేను తప్పుగా తెంపిన గునుగంతా ఆ కూరడానికే పనికొచ్చింది. వరుస వరుసకీ చుట్టు తగ్గుతూ గోపురంలా లేస్తుంది. పైన గుమ్మడి పువ్వు, దాని పక్కన పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ.

అమ్మ మొదట దూరంగా కుర్చీలో కూర్చుంది. కాసేపటికి పీట మీదికి వచ్చింది. ఇంకాసేపటికి "ఈ వరుస ఎడంవైపు పల్చబడింది వదినగారూ" అంది. ఏటా తొమ్మిది మెట్ల మీద బొమ్మలు సర్దిన చెయ్యి అది, వంకర ఉంటే ఊరుకోలేదు. అత్తమ్మ తాంబాళాన్ని అమ్మ వైపు తిప్పింది. ఆ తర్వాత పెద్ద బతుకమ్మ పక్కన పెట్టే పిల్ల బతుకమ్మను మొత్తం అమ్మే పేర్చింది.

వంటింట్లో సద్దులు, అంటే రకరకాల కలిపిన అన్నాలు, కలుపుతున్నారు. నువ్వుల సద్ది, పల్లి సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది, చింతపండు పులిహోర. రొట్టెలు నలిపి బెల్లంతో మలీద ముద్దలు. మా పులిహోరలో ఇంగువ గుప్పుమంటుంది, ఇక్కడ నువ్వులపొడి ముందుంటుంది. నాకు నువ్వుల సద్ది ఎంత నచ్చిందంటే, ఇప్పుడు మా ఇంట్లో నెలకోసారి చేయించుకుంటున్నాను.

సాయంత్రం వాకిట్లో కాసేపు ఆడి, అందరూ బతుకమ్మలు తలకెత్తుకుని చెరువుకు బయల్దేరారు. వీధి వీధి నుంచీ వచ్చి కలుస్తున్నారు. చెరువు కట్ట మీద వందల మంది ఆడవాళ్ళు, మధ్యలో బతుకమ్మలు, చుట్టూ వలయాలు. ఒకరు చరణం ఎత్తుకుంటే అందరూ "ఉయ్యాలో" అని అందుకుంటారు. చప్పట్లు, వంగడం, ఒక అడుగు పక్కకు. భీవండి అత్త నాలుగేళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు ఆగకుండా ఆడింది. మా ఆవిడను నేను ఆఫీసు బట్టల్లో, పెళ్ళి బట్టల్లో చూశాను. తను పుట్టిన ఊరి మధ్యలో, చిన్ననాటి నేస్తాల పక్కన పాడుతుంటే మొదటిసారి చూస్తున్నట్టే అనిపించింది.

చీకటి పడ్డాక బతుకమ్మలను నీళ్ళలో వదలడానికి మెట్లు దిగడం మొదలుపెట్టారు. అమ్మ కట్ట మీదే ఆగిపోయింది. నల్లటి నీళ్ళు మెట్ల దాకా ఉన్నాయి. సెప్టెంబరు నుంచి అమ్మ నిండా నీళ్ళున్న చోటు వైపు చూడటం లేదని నాకు తెలుసు. దగ్గరికి వెళ్దామనుకున్నాను. ఈలోగా అవ్వ పిల్ల బతుకమ్మను అమ్మ చేతిలో పెట్టేసింది. "పట్టు బిడ్డా, నాకు మోకాళ్ళు వంగయి. నువ్వు పేర్చిందే కద, నువ్వే సాగనంపు."

అమ్మ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత మా ఆవిడ భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. చివరి మెట్టు మీద పాదాలు తడిశాయి. ఇద్దరూ వంగి వదిలారు. చిన్న దీపంతో అది కాస్త ఊగి, మిగతా వాటి మధ్యకు జరిగింది. అమ్మ చాలాసేపు పైకి రాలేదు. వచ్చాక కళ్ళు తడిగా ఉన్నాయి, కానీ ముఖం తేటగా ఉంది. గట్టు మీద ఆడవాళ్ళు "ఇస్తినమ్మ వాయినం", "పుచ్చుకుంటినమ్మ వాయినం" అనుకుంటూ సద్దులు పంచుకుంటుంటే తనూ కొంగు పట్టింది. అత్తమ్మ గౌరమ్మ పసుపు తెచ్చి అమ్మ పుస్తెలకు అద్దింది.

దసరా శనివారం వచ్చింది. పాలపిట్ట కోసం పొలాల్లో తిరిగితే కరెంటు తీగ మీద ఒకటి కనిపించింది, రెక్కలు విప్పినప్పుడు ఆ నీలం చూసి నాన్న చిన్నపిల్లాడిలా కేక పెట్టారు. సాయంత్రం జమ్మిచెట్టు దగ్గర పూజ. ఆకులు తెచ్చుకుని, బంగారమని చెప్పి పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టడం, తోటివాళ్ళను కౌగిలించుకోవడం. మామయ్య, నాన్న ఒకరికొకరు జమ్మి ఇచ్చుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. పెళ్ళిలో వాళ్ళిద్దరూ ఎంత బిగుసుకుని మాట్లాడుకున్నారో తలుచుకుంటే ఆ దృశ్యం నాకు చాలా అపురూపం.

ఆదివారం తిరుగు రైల్లో అమ్మ సంచిలోంచి రుమాలు మూట తీసింది. లోపల ఎండిన గునుగు కంకులు. అరచేతిలో నలిపితే ఆవగింజలకంటే చిన్న గింజలు, నల్లగా నిగనిగలాడుతూ రాలాయి. డాబా మీద కుండీల్లో వేస్తుందట.

"అది కలుపు మొక్క అత్తయ్యా, మా చేలల్లో పీకి పారేస్తారు" అంది మా ఆవిడ.

"మన డాబా మీద పీకేవాళ్ళెవరున్నార్లే" అని అమ్మ గింజలన్నీ ఏరి మళ్ళీ మూట కట్టింది.