చీర కుచ్చిళ్లు నేలకు తగులుతున్నాయంటే నవ్వాం

పోయిన బతుకమ్మకు గునుగు పూలు కోయబోయి అమ్మ పొలం గట్టు మీద జారింది, పడింది మెల్లగానే, కానీ మణికట్టు విరిగింది. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో టి స్కోరు (పడుచు వయసు ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.8 వచ్చింది. మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధే. రెండేళ్లుగా "చీర కుచ్చిళ్లు నేలకు తగులుతున్నయ్ బిడ్డా" అంటుంటే నవ్వాం, ఎత్తు తగ్గడం వెన్నుపూసలు నలిగిన గుర్తు కావచ్చని ఎవరికి తెలుసు!

ముట్టు ఆగాక మొదటి ఐదారేళ్లు, ఈస్ట్రోజన్ హార్మోన్ పడిపోయి, నొప్పి లేకుండానే ఎముక వేగంగా పలచబడుతుందట. నాకు 49. అందుకే పొద్దున వరంగల్ భద్రకాళి చెరువు బండ్ మీద నడక, ఇంట్లో రాగి అంబలి (100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం), నువ్వుల పొడి. పిల్లలు ముఖం తిప్పుకుంటారు, వాళ్లిష్టం. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్ బిగించాం, అమ్మ వద్దన్నా.